నల్ల బిళ్ళ ఉన్నవాళ్ళ గడి

ఫిబ్రవరి 9, ఆదివారం

లత మళ్ళీ చచ్చిపోయింది. పోయిన వారం, అంతకు ముందు వారం కూడా ఇంతే.

"అది" గుట్ట కింది నుంచి లేచింది. మార్కెట్ యార్డు గడి, బస్టాండు గడి దాటుకుని నేరుగా లత బొమ్మ దగ్గరికి వచ్చేసింది. యూసుఫ్ నవ్వాడు — "నీ భూతానికి లత మీద ఏం పగనే?" పగ లేదు. అదే కదా నేను తయారుచేసిన ఈ ఆటలో భయం. నక్షత్రాల అవతలి నుంచి వచ్చి మన గుట్ట కింద పడుకున్నదానికి మనం ఎవరమో కూడా తెలియదు. దానికి తెలిసింది నేను రాసిన కదలిక నియమం ఒక్కటే. ధైర్యం పాయింట్లు అందరికన్నా తగ్గినవాళ్ళ ముందు నల్ల బిళ్ళ పెట్టాలి (మా పాత క్యారమ్ బోర్డు బిళ్ళే). ప్రతి చుట్టు చివర అది ఆ నల్ల బిళ్ళ వైపు రెండు గడులు జరుగుతుంది. ఒంటరిగా దొరికితే మింగుతుంది. ఇద్దరున్న గడిలోకి రాదు.

బాగానే ఉంది కదా... మరి లతే ఎందుకు పోతుంది ప్రతిసారీ? పాచికలు ఆమెకు పడవు. సరే. కానీ మిగతా ముగ్గురం బిళ్ళ పడగానే ఆమెకు ఎంత దూరం జరుగుతామో. గంగాధర్ అందరికన్నా ముందు. ఇద్దరిదీ ఒకటే ఊరు, నందిపేట్ దారిలో. వరసకు ఆమె వాడికి అక్క. బోర్డు మీద మాత్రం వాడు యార్డు గోడ దూకి ఆ చివరికి పోయి కూర్చుంటాడు.

లత తన బొమ్మ తీసి పక్కన పెట్టి చాయ్ పెట్టడానికి లేస్తుంది. మా ఇంట్లో మా వంటింట్లో... నాకన్నా ఆమెకే డబ్బాలు బాగా తెలుసు.

ఫిబ్రవరి 11

బెంగళూరులో బోర్డు ఆటలు అచ్చువేసే కంపెనీకి బోర్డు, బొమ్మలు, నియమాల పుస్తకం పంపించేశాను. అచ్చుతప్పులన్నీ లతే చూసింది, రెండు సార్లు చదివి. జవాబు వచ్చిందేమోనని, ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతూ బల్ల కింద ఫోన్ చూసుకున్నాను. పిల్లలు చూశారు.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఉండగా లత ఫోన్. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయం వేసింది.

"మా ఇంటిని బంద్ పెట్టిన్రు సౌజన్యా. పొద్దుగాల డప్పు కొట్టి చెప్పిన్రు."

ఊరి కమిటీ పని — పెద్దమనుషులు తమకు తామే పెట్టుకున్నది. ఫంక్షన్ హాల్‌కు దారి కావాలని వాళ్ళ చేను అంచు అడిగారు. వాళ్ళ నాన్న ఇవ్వనన్నాడు. అంతే. ఇక వాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు, కిరాణా కొట్లో ఉప్పు కూడా ఇవ్వకూడదు, వాళ్ళ చేనుకు కూలికి పోకూడదు. మాట్లాడినవాళ్ళకు జరిమానా, వాళ్ళ ఇల్లు కూడా బంద్. పసుపు తవ్వి కుప్ప పోసి ఉంది. ఉడకబెట్టాలంటే బాయిలర్ వాడు రాడు, మనుషులు రారు.

"పోలీసులకు చెప్పొచ్చు కద" అన్నాను.

"చెప్పొచ్చు. రేపట్నుంచి ఆ ఊర్లనే ఉండాలె కద మేము."

 బెల్ కొట్టారు. "క్లాసుంది లతా" అన్నాను. నిజంగానే ఉంది. అయినా ఎందుకో అబద్ధం చెప్పినట్టుంది.

ఫిబ్రవరి 14

బాపుకు ముందే తెలుసు. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో కూర్చుంటే ఏ ఊరి సంగతైనా పసుపు బస్తాలతో పాటే దిగుతుంది. ఆ ఊరి పసుపంతా వచ్చేది మా దుకాణానికే, తాత కాలం నుంచి.

అన్నం తింటూ అన్నాడు — "మనకెందుకు బిడ్డా. వాళ్ళూరి ముచ్చట వాళ్ళూర్ల."

అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అడగకుండా వేసిందంటే నన్ను మాట్లాడొద్దంటున్నట్టు.

ఫిబ్రవరి 16, ఆదివారం

లత వచ్చింది. నుదుటి మీద చెమట, చెప్పుల నిండా దుమ్ము. షేర్ ఆటో ఆగలేదట, నడిపేవాడు వాళ్ళూరివాడే. ఎదురుగా కళ్ళలోకి చూసి పోయాడట. పెద్ద రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. చెబుతూ నవ్వింది కూడా — "ఒళ్ళు తగ్గుతది తియ్."

గంగాధర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆమెను చూడగానే వాడి మొహం... పాపం. లేవలేడు, కూర్చోలేడు. కిటికీ వైపు చూశాడు, అది రోడ్డు మీదికి ఉంది. యూసుఫ్ లేచి కిటికీ రెక్క వేశాడు.

ఆడాం. గంగాధర్ ఒక్క మాట కూడా లతతో నేరుగా అనలేదు. "యూసుఫ్ భాయ్, ఆ పాచికలు జర ఇటియ్యమను." లత వాడి పక్కనే ఉంది. పాచికలు యూసుఫ్ చేతికిచ్చింది, యూసుఫ్ వాడికిచ్చాడు. ఆట అంతా అట్లాగే.

నాలుగో చుట్టులో నల్ల బిళ్ళ లతకే పడింది. బస్టాండు గడిలో ఒక్కతే ఉంది. నా బొమ్మ పక్క గడిలోనే. వెనక్కి జరిగాను. జరిపేటప్పుడు చెయ్యి ఆగింది — ఒక్క క్షణం. ఆట కదా అనుకున్నాను. అది వచ్చి మింగేసింది.

లత నా వైపు చూసింది. ఇంకా చూస్తూనే ఉన్నట్టుంది నాకు.

గంగాధర్ ఆట సగంలోనే వెళ్ళిపోయాడు, పని ఉందని.

ఫిబ్రవరి 18

బెంగళూరు కంపెనీ నుంచి ప్రియ మెయిల్. మూడు సార్లు చదివాను.

బొమ్మలు నచ్చాయట. గుట్ట నచ్చిందట. కానీ ఆట పని చేయడం లేదట. ఎందుకంటే వాళ్ళ దగ్గర ఆడినవాళ్ళంతా, నల్ల బిళ్ళ ఎవరికి పడితే వాళ్ళ గడిలోకి వెళ్ళి పక్కన నిలబడ్డారు. ఇద్దరున్న గడిలోకి అది రాదు కదా. ఆడిన ప్రతిసారీ అంతే. అది పక్క గడి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, ఎవరూ చావలేదు, ఎవరికీ భయం వేయలేదు. "మీ దగ్గర ఇది ఎందుకు జరగలేదు? ఏదైనా నియమం రాయడం మర్చిపోయారా?"

పుస్తకం తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదివాను. నల్ల బిళ్ళ ఉన్నవాళ్ళ గడిలోకి వెళ్ళకూడదని ఎక్కడా లేదు. వెళితే ఏదో అవుతుందనీ లేదు. నేనే రాశాను, నాకే తెలియదు.

యూసుఫ్‌కు ఫోన్ చేశాను.

"బిళ్ళ పడ్డోళ్ళ దగ్గరికి మనం ఎందుకు పోతలేము?"

"పోతే మనకు గూడ పడ్తది కద."

"ఎక్కడ రాసి ఉంది?"

 వెనక అతని షాపులో ఫ్లెక్సీ బ్యానర్ల మిషన్ చప్పుడు.

"అది గూడ రాయాల్నా?" అన్నాడు.

ఫిబ్రవరి 19

ప్రియతో ఫోన్లో మాట్లాడాను. మంచి మనిషి, తొందరగా మాట్లాడుతుంది. ఒక్క వాక్యం చాలట. *నల్ల బిళ్ళ ఉన్నవారితో ఒకే గడిలో నిలబడినవారికి కూడా నల్ల బిళ్ళ పడుతుంది.* అది చేరిస్తే ఆట భయంకరంగా ఉంటుందంది. "అద్భుతం, ఈ ఆలోచన మీకెట్లా వచ్చింది?" అని కూడా అడిగింది. సోమవారం లోపల పంపమంది, పంపితే అచ్చుకు వెళుతుంది.

టైప్ చేశాను. కొట్టేశాను. మళ్ళీ టైప్ చేశాను. నా వాక్యాలన్నింటిలోకీ అదే చక్కగా వచ్చింది, ఎక్కడా తడుముకోలేదు. సిగ్గుగా ఉంది. 

ఇన్ని వారాలు రాయని నియమాన్ని ముగ్గురం ఒక్కసారైనా తప్పకుండా పాటించాం... ఎవరు నేర్పారు మాకు?

ఫిబ్రవరి 20

స్కూల్ నుంచి వస్తుంటే బైక్ షోరూం బయట గంగాధర్ కనిపించాడు. మెయిల్ సంగతి చెప్పాను. విన్నాడు. కాలితో రాయిని దొర్లిస్తూ —

"ఆట వేరే, ఊరు వేరే అక్కా."

"వేరే అయితే మరి ఆటల గూడ ఎందుకు పోలేదురా ఆమె పక్కకు?"

రాయిని వదిలేశాడు. తర్వాత మెల్లగా — "మా నాయిన మొన్న ఆమె బాపుకు బీడీ అంటిచ్చిండు, గుర్తులేక. సూసినోళ్ళు సూసిన్రు. కమిటోళ్ళు పిలిచి అందరి ముంగట నిలబెట్టి అడిగిన్రు. ముసలాయన చేతులు జోడిచ్చిండు. నువ్వు చూడలే."

నిజమే, నేను చూడలేదు. నాకు కోపం రావాలి వాడి మీద, రాలేదు.

"ఆమె వస్తే నేను రాను ఈ ఆదివారం. మీ ఇంటికొస్తదని కమిటోళ్ళకు తెలిసిపోయింది. నేను చెప్పలే, ఒట్టు. మీ గల్లిల ఆమెను సూసి ఆటో ఆయన చెప్పిండు."

ఫిబ్రవరి 21

కమిటీ పెద్దమనిషి దుకాణానికి వచ్చాడట. బాపు చెప్పాడు, చొక్కా విప్పి వంకీకి తగిలిస్తూ, నా వైపు చూడకుండా. బెదిరించలేదట. చాయ్ తాగాడట, పసుపు ధర అడిగాడట. పోయేటప్పుడు మాత్రం — "మీ ఇంట్ల ఆదివారం ఆదివారం ఏదో ఆట నడుస్తదట గద. ఈ ఆదివారం నేనూ వస్త, చూస్త."

"ఒక్క నెల ఆగమను బిడ్డా లతను. సీజన్ అయిపోనీ. నేనేమన్న వద్దంటున్ననా."

"నెల తర్వాత ఏమైతది బాపూ?"

"ఏమో. మర్చిపోతరు."

బాపు చేతులు గోళ్ళ దాకా పసుపుపచ్చ. ఈ పసుపుతోనే నన్ను చదివించాడు. ఆయన మీద అరవలేను. అరవగలిగితే బాగుండు.

ఫిబ్రవరి 22

పొద్దున లత మెసేజ్. "రేపు రావాల్నా?"

సాయంత్రం దాకా జవాబు ఇవ్వలేదు. ఫోన్ బోర్లా పెట్టాను, తిప్పాను, మళ్ళీ బోర్లా పెట్టాను. బట్టలు ఉతికాను, ఉతికినవే మళ్ళీ జాడించాను. అమ్మ చూసి చేతిలోంచి బకెట్ లాక్కుంది.

చివరికి ఫోన్ చేశాను. రమ్మనలేదు, వద్దనలేదు. పిరికిదాన్ని కదా, బెంగళూరు సంగతి ఎత్తాను. అక్కడివాళ్ళు అందరూ వచ్చి పక్కన నిలబడ్డారట లతా, ఆట చెడిపోయిందట, మన పుస్తకంలో ఆ నియమమే లేదు చూడు, ఎవరమూ గమనించలేదు...

"నాకు ఎర్కనే" అంది.

"ఏమెర్క?"

"లేదని. రెండుసార్లు చదివిన కద పుస్తకం."

"మరి చెప్పొద్దా?"

"చెప్తె వస్తరు. చెప్పకుంట ఎవరన్న వస్తరేమో అని చూసిన."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. మొదటి ఆదివారం నుంచీ, డప్పు కొట్టక ముందు నుంచీ, ఆమె అట్లా చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఫోన్ పట్టుకున్న చెయ్యి దూరంగా పెట్టి ఏడ్చాను. వినిపించే ఉంటుంది.

"సరే తియ్, రేపటి సంగతి రేపు" అని ఆమే పెట్టేసింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పదకొండు కావస్తోంది. కమిటీ పెద్దమనిషి నిజంగానే వచ్చాడు. కింద ముందు గదిలో బాపు పక్కన కూర్చుని ఉన్నాడు, తలుపుకు ఎదురుగా. గంగాధర్ రాలేదు. యూసుఫ్ దారిలో ఉన్నానన్నాడు, అరగంట నుంచి దారిలోనే ఉన్నాడు.

ప్రియకు ఇంకా ఏమీ పంపలేదు.

కిటికీలోంచి కనిపిస్తోంది — లత వచ్చింది. గల్లీ మొదట్లో ఆగింది. కొంగు తల మీదికి లాక్కుంది, ఎండ. ఇంటి ముందు పెద్దమనిషి బండి గుర్తుపట్టినట్టుంది, అడుగు ముందుకు వేయడం లేదు. వెనక్కీ పోవడం లేదు. పాన్ డబ్బా వాడు ఆమెను చూసి లోపలికి సర్దుకున్నాడు.

ఫోన్ మోగుతోంది. ఆమే.

"మీ గల్లిల ఉన్న. ఇంట్ల ఎవరో ఉన్నట్టున్నరు... రానా, మర్లిపోనా?"

"ఆగు" అన్నాను. ఆగు అని మాత్రమే అన్నాను.

కింది నుంచి బాపు — "సౌజన్యా, నువ్వు పైననే ఉండు బిడ్డా." మామూలు గొంతే. వినేవాళ్ళకు మామూలుగానే ఉంటుంది.

నేను చేయాల్సింది పెద్దదేమీ కాదు. మెట్లు దిగాలి, ఆ పెద్దమనిషి ముందు నుంచి నడవాలి, గల్లీ మొదటికి పోయి ఆమె పక్కన నిలబడాలి. రమ్మని కూడా అనక్కరలేదు. నిలబడితే చాలు. రేపటి నుంచి బాపు దుకాణం ముందు ఎన్ని ట్రాక్టర్లు ఆగుతాయో, ఆగవో... తెలియదు. అమ్మ మెట్ల మొదట్లో నిలబడి పైకి చూస్తోంది. నన్ను ఆపడానికో, దారి ఇవ్వడానికో, ఆమె మొహం చూస్తే అర్థం కావడం లేదు.

చెప్పులు వేసుకున్నాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

లత ఇంకా అక్కడే ఉంది, ఒక్కతే, ఎండలో. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను.