మిషన్‌కు కప్పిన పంచెలు

గాలి కాలుష్య తనిఖీ అధికారి గారి దివ్యసముఖమునకు, కొత్తపేట మండలం అల్లివారిపేట కాపురస్తుడు, కొబ్బరి రైతు ముత్యాల ఏడుకొండలు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: మా ఊరి గాలి జిల్లాలోకెల్లా శుభ్రమైనదని తమ కార్యాలయం ఇచ్చిన రిపోర్టును రద్దుచేసి, మరల కొలిపించుట గురించి.

అయ్యా,

1. మా ఊరి చివర ఊక మండించి కరెంటు తీసే ప్లాంటు ఒకటి నాలుగేళ్ళుగా నడుచుచున్నది. దాని పొగగొట్టానికి బూడిద పట్టే యంత్రం కలదు. తమవంటి పెద్దలు వస్తున్నారని తెలిసిన రోజున అదీ నడుచును. మిగతా రోజులు దానికి సెలవు, బూడిద మాకు. మొన్న కొబ్బరికాయల దింపు తీయడానికి చెట్టెక్కిన సాలమోను కిందికి దిగితే వాళ్ళావిడే పోల్చుకోలేకపోయింది.

2. సదరు బూడిద వలన నా భార్య సీతారత్నానికి రెండేళ్ళుగా ఉబ్బసం. ముప్పయ్యేళ్ళు నా ప్రతి మాటకీ అడ్డం చెప్పిన మనిషి, ఇప్పుడు ఊపిరి చాలక అన్నింటికీ ఊఁ అంటోంది. ఈ గెలుపు నాకక్కర్లేదండి.

3. నా మొదటి అర్జీపై తమరు దయతలచి గత నెల ఇంజనీరు వెంకటసాయి గారిని మిషన్‌తో పంపేరు. ప్లాంటు వారికి చెప్పకుండా వచ్చేరు, అందుకు దండాలు. ఆ మిషన్ ఒక పగలూ రాత్రీ గాలి పీల్చి, లోపలి తెల్లకాగితం మీద ఎంత మసి చేరిందో చూపునట. దాన్ని మా డాబా మీద పెట్టి, పనసపొట్టు కూరతో మా ఇంట భోంచేసి, ఆయన కొత్తపేటలో బసకు వెళ్ళేరు.

4. ఇక్కడ మా తప్పు ఒప్పుకొనుచున్నాను. మా వైపు ఇంటికొచ్చిన మనిషికే కాదు, వస్తువుకీ మర్యాద చేస్తారు. సాయంత్రానికి మిషన్ మీద బూడిద పడుతుండడం సీతారత్నం చూసింది. సర్కారు సొత్తు, పాడైతే మాటొస్తుందని, ఉతికిన నా పంచె రెండు మడతలు వేసి నిండా కప్పేసింది. పంచె నల్లబడినప్పుడల్లా ఆయాసపడుతూ మెట్లెక్కి వెళ్ళి ఇంకోటి మార్చింది. మొత్తం నాలుగు పంచెలు. ఎందుకే ఈ పాట్లు అంటే, "పాపం, అది మాత్రం ఈ బూడిదెలా పీలుస్తుందండీ" అంది. పదో తరగతి ప్యాసైన నాకు అది సబబుగానే తోచింది. సిగ్గుపడుచున్నాను.

5. మర్నాడు వెంకటసాయి గారొచ్చే వేళకు పంచె తీసి, మిషన్ తుడిచి, బొట్టు పెట్టి అప్పగించింది. లోపలి కాగితం మల్లెపువ్వులా ఉన్నది. సాక్ష్యంగా ఆ నల్ల పంచెలు జతపరుద్దామా అంటే అవీ ఉతికి ఆరేసేసింది. ఆరేసినవి మళ్ళీ నల్లబడ్డాయి గానీ, ఆనాటి మసి ఇది కాదని తమ ఆఫీసు వారు అనవచ్చును.

6. ఆ రిపోర్టు పట్టుకొని ప్లాంటు వారు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టేరు. మా గాలి శుభ్రమంతా వారి చలవేనట. అంతటితో ఆగక రెండో బాయిలరుకు దరఖాస్తు పెట్టేరు. ఈ నెల ఇరవయ్యో తారీఖున విచారణ. ఒక్క గొట్టానికే మనిషి ఇలాగైతే, రెండోది లేస్తే నా ఇంట్లో ఆ మనిషి మిగలదు. నాకు భయంగా ఉందండి. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో తెలియలేదు, మన్నించాలి.

కావున విచారణకు ముందే మిషన్‌ను మరల పంపవలెననియు, ఈసారీ ప్లాంటు వారికి చెప్పకుండానే పంపవలెననియు, ఆ ఒక్కరోజు సీతారత్నాన్ని ఐ.పోలవరంలో వాళ్ళ చెల్లెలింట ఉంచే పూచీ నాదనియు మనవి చేసుకొనుచున్నాను. తప్పు మాదైనా, ఊపిరి ఆమెది కనుక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముత్యాల ఏడుకొండలు

తా.క.: అర్జీ పోస్టు చేయబోతూ ఇది కలుపుతున్నానండి. నిన్న సీతారత్నాన్ని అమలాపురంలో డాక్టరు గారికి చూపించేను. ఇక మందుల వల్ల కాదు, గాలి శుభ్రంగా ఉండే ఊరు తీసుకెళ్ళి అక్కడే ఉంచమన్నారు. ఏ ఊరండీ అని అడిగేను. ఆయన కంప్యూటర్లో తమ జాబితా తీసి చూసి, మా ఊరి పేరే చెప్పేరు. సీతారత్నం నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. బస్సు కొత్తపేట చేరేదాకా ఆ దగ్గు ఆగలేదండి.