ఇప్పచెట్టు కింద నిప్పు

పామేడు,
27 మార్చి 2025, గురువారం.

హుంగే అక్కకు,

ప్రభువు పేర నీ చెల్లె స్రవంతి వందనాలు. చేతులకి కట్లు మార్చారా? మంట తగ్గిందా? మీనా, ఇది అమ్మకి గట్టిగా చదివి వినిపించు బిడ్డా. చర్లలో చదివిన తెలుగు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. దుకాణంలో కూర్చుని ఫోన్లో గబగబా కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువు.

ముందు మంచి కబురు. నీ ఎర్ర దూడ బాగుంది. వీపు మీద వెంట్రుకలు కాలాయి, అంతే. మా పెరట్లోనే కట్టేశాను. నిన్న బెల్లం సంచి సగం నమిలేసింది దొంగముండ. జగదల్‌పూర్ ఆస్పత్రి కూర చప్పగా ఉందన్నావట, రేపటి బస్సులో చింతపండు పచ్చడి పంపుతాను.

ఇంక అసలు మాట. రేపు అటవీ ఆఫీసు సారు నీ దగ్గరికి వచ్చి, మంట ఎవరు పెట్టారో నీ నోట విని రాసుకుంటాడట. నువ్వు భీమా పేరు చెప్తానన్నావని మీనా ఫోన్లో అంది. అక్కా, తొందరపడకు.

ఊరంతా భీమా పేరే అంటోంది, కాదనను. నీ ఇప్పచెట్టు తన తాతదని వాడికి ఎప్పటినుంచో కోపం. పైగా ఈసారి పువ్వు నేల పడకుండా కట్టుకోమని అటవీ ఆఫీసువాళ్ళు నీకు వల ఇచ్చినప్పుడు వాడు నలుగురిలో ఏమన్నాడు? "ఏందే హుంగే, చెట్టు మీద చేపలు పడతవా? ఒక్క అగ్గిపుల్ల గీస్తే ఆకంత పోయి పువ్వు మిగుల్తది" అన్నాడు. ఆ మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. పెద్దలు వాడిని ఊరు దాటొద్దన్నారు. నీ నోటి నుంచి పేరు వచ్చిందా, కేసే. ముగ్గురు పిల్లలు వాడికి.

కానీ ఎవరూ కళ్ళారా చూడలేదు కదా. నేనూ చూడలేదు. శనివారం సరుకు కోసం చర్ల వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి చెట్టు కింది మంట పాకి నీ పశువుల కొట్టం బూడిదైపోయింది. దూడని విప్పడానికి మంటలోకి దూరావని చెప్పారు.

వాడి నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. మన శుక్రవారం ప్రార్థన దగ్గరికొచ్చి "మీ దేవుడు అగ్గి అంటరు గదా, నా బీడీ అంటియ్యమను" అని ఎగతాళి చేశాడు. "నీ బీడీ గాదు, ముందు నీ నాలుక కాలుస్తడు" అన్నావు నువ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది వాడే కదా!

ఆ రోజు పాస్టరు అయ్యగారు చెప్పింది గుర్తుందా? దేవుడి పని ఇప్పచెట్టు కింద పెట్టే నిప్పు లాంటిదన్నారు. చెట్టుని కాల్చడానికి కాదు, ఎండుటాకులు పోతే రాలిన పువ్వు కనబడాలని. పెట్టినవాడు పచ్చి కొమ్మ పట్టుకుని అది ఆరేదాకా పక్కనే నిలబడతాడు, వదిలిపోడు అన్నారు. మనం ఆమెన్ అన్నాం. నాకైతే ఊళ్ళో అందరి కిందా ఎండుటాకులు కనబడ్డాయి అక్కా, నా కింద తప్ప.

ఈ ఆరు రోజులుగా తూకం వేస్తూ వేస్తూ ఎంత వేశానో మర్చిపోతున్నాను. లోపల ఏదో రగులుతూనే ఉంది.

ఆగు, ఎవరో వచ్చారు.

ఆయతి. భీమా భార్య. ఉప్పుకి వచ్చింది. పొట్లం కట్టి ఇచ్చాను. తీసుకుని కదల్లేదు. "నీ దేవునికి తెల్వదా అక్కా, ఎవరు అంటించిండ్రో? ఒక్కసారి అడగరాదు?" అంది. అడుగుతాలే అన్నాను. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నేను తక్కెడ తుడుస్తూ కూర్చున్నాను.

రేపు సారు అడిగితే, తెలియదని చెప్పు చాలు. నా మాట విను.

నీ ప్రార్థనలో తోడుండే చెల్లె,
స్రవంతి

తా.క. మీనా, ఇక్కడ ఆపకు బిడ్డా. ఒక్క ముక్క వదలకుండా అమ్మకి చదువు.

అక్కా, చర్ల వెళ్ళింది నిజమే, కానీ మధ్యాహ్నం జీపుకి. పొద్దున నీ ఇంటికొచ్చాను. నీకు జ్వరం, ముసుగేసుకుని పడుకున్నావు. వల కట్టలేదు, పువ్వంతా ఆకుల్లో కలిసిపోతోంది. సాయం చేద్దామని చెట్టు కింద నిప్పు పెట్టాను. సోమవారం నా దగ్గరికి పువ్వు కొనే లారీ వచ్చేది ఉంది, నాకూ పువ్వు కావాలి. అదీ దాచను. తర్వాత కొమ్మతో కొట్టి ఆర్పాను. కొట్టం వైపున్న ఎండు మోడులోంచి సన్నగా పొగ వస్తూనే ఉంది. చూశాను. ఇంతలో జీపు హారన్ వినబడింది. అదే ఆరిపోతుందిలే అని పరుగెత్తాను.

అగ్గిపెట్టె నాది. భీమాది కాదు.

సారుకి నా పేరే చెప్పు. ఇది పంపగానే దుకాణం మూసి ముందు ఆయతి ఇంటికి, అక్కణ్ణుంచి పెద్దల దగ్గరికి వెళ్తున్నాను. ఏ శిక్ష వేస్తే అది పడతాను. నీ చేతులు గుర్తొస్తే క్షమించమని అడగడానికి నోరు రావట్లేదు.

నేను నిప్పు పెట్టి, వదిలేసి జీపెక్కాను అక్కా. నా లోపల పెట్టినాయన మాత్రం ఈ ఆరు రోజులూ కొమ్మ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

దూడకి నీళ్ళు పెట్టే వెళ్తాను.