టిక్కు లేని రెండు వరుసలు

బుల్లికి,

అమ్మమ్మ ఆశీస్సులు. నీ పరిశోధన అచ్చయిన కాగితాలు అందాయి. మూడుసార్లు చదివాను. మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ ఉంటావు. ఈ ఉత్తరం అందుకు కాదు.

నాలుగు న్యూట్రాన్లు వాటంతటవి కలిసి ఉండవు. అందుకని లెక్కలో వాటికి బయటినుంచి కాస్త ఊతం ఇచ్చి, దాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ, ఊతం అసలే లేకపోతే ఏమవుతుందో గీత పొడిగించి చూస్తామని నువ్వే చెప్పావు. గీత తిన్నగా సాగింది కాబట్టి, చెదిరిపోయే ముందు అవి ఒక్క క్షణమైనా కలిసి నిలుస్తాయని రాశావు. కానీ జూన్‌లో సరిచూడమని నాకు పంపిన పట్టికలో పదకొండు వరుసలున్నాయి. అచ్చులో తొమ్మిదే. ఊతం అన్నిటికన్నా తక్కువున్న చివరి రెండూ ఏవి? నా దగ్గరున్న నకలు తీసి వాటిని గళ్ల కాగితం మీద గుర్తుపెట్టాను. గీత అక్కడ వంగిపోయింది. అంటే అవి ఆ ఒక్క క్షణం కూడా కలిసి నిలవవు.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. జవాబు కుదరకపోతే మధ్యలో మెట్టు మింగేసే పిల్లల్ని చాలామందిని చూశాను. నా ఇంట్లోనే ఒకతె పెరిగిందనుకోలేదు. ఎందుకు దాచావో రాయి. సాకులు వద్దు.

అమ్మమ్మ

బుల్లితల్లీ,

ఫోనులో నా మీద గొంతు పెంచడం నీకు ఇదే మొదటిసారి.

"నేను దాచానా? టిక్కు పెట్టనిది నువ్వు! ఊతం తగ్గేకొద్దీ అంకె ఒక పట్టాన తేలి చావదు, ఆ రెండింటి మీద నాకు ముందే అనుమానం. నువ్వూ వదిలేశావు. ఎందుకని అడిగితే 'చూశాను కదే, ఎన్నిసార్లు చెప్పాలి' అని కసిరావు. టిక్కు లేని వరుస ముందుకు పోకూడదని ఆరో తరగతి నుంచి చెవి మెలేసి నేర్పిందెవరు?"

ఆ తర్వాత నేను దిద్ది పంపిన పట్టిక ఫొటో పంపావు. తొమ్మిది ఎర్ర టిక్కులు, కింద ఖాళీ. చేతిరాత నాదే.

నేను చూడలేదమ్మా. వరుసకూ వరుసకూ తేడాలు కట్టి తొమ్మిదో దాకా సరిచూసేసరికి కళ్లు నీళ్లు కారి అంకెలు అలుక్కుపోయాయి. మర్నాడూ అంతే. కంట్లో పొర అని డాక్టరు చెప్పి అప్పటికి నెల. 'కనబడటం లేదు' అని నీకు రాయడానికి నామోషీ. చూశానని అబద్ధమాడాను. మరిచిపోయానని అనను, గుర్తుచేసుకోలేదు. పోయిన నెల ఆపరేషనయింది, మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బాగుపడ్డ కంటితో మొట్టమొదట నీకు దొంగతనం అంటగట్టాను.

మంగళవారం మీ పరిశోధకుల సభలో లేచి, అచ్చయినది వెనక్కి తీసుకుంటున్నానని చెబుతానన్నావు. మూడేళ్ల పని. నా పేరు చెప్పమంటే, "సరిచూసుకోవలసింది నేనే, అందులో నిన్నెందుకు లాగుతాను?" అన్నావు. ఆ మాట విన్నాక ఎర్ర కలం మళ్లీ తీశాను.

పట్టిక దీనితో పంపుతున్నాను. పదీ పదకొండూ మొదటినుంచి చేశాను. రెండూ సరైనవే, గీత వంగడం నిజమే. టిక్కు పెట్టాను. వాటి పక్కన నువ్వు కూడా సరిచూసి నీ టిక్కు పెట్టు. అది పడేదాకా నావి లెక్కలోకి రావు.

నీ అమ్మమ్మ