రొయ్య పడని మనిషి

ఆగస్టు 6, కాకినాడ

రేపే ఆపరేషన్. మా ఆయన పెద్దపేగులో గడ్డ తీసేసి, కొసలు రెండూ కలిపి కుడతారట. నరంలోకి రంగుమందు ఎక్కించి స్పెషల్ కెమెరాతో చూస్తే, రక్తం బాగా ఆడేచోట పేగు పచ్చగా వెలుగుతుందట. అక్కడ కుడితే అతుకు ఊడే భయం తక్కువట. డాక్టరుగారు ఫోన్లో వీడియో చూపించారు. మలం పోవడానికి పొట్టకి సంచీ తగిలించే అవసరం రాకపోవచ్చన్నారు. ఈయనకి చావుకన్నా ఆ సంచీ అంటేనే భయం.

ఎలర్జీలున్నాయా అని అడిగారు. రొయ్య పడదండీ అని నేనే ముందు చెప్పాను. అల్లవరంలో రొయ్యల చెరువులున్న మనిషికి రొయ్య పడకపోవడమేమిటని నర్సు నవ్వింది. ఈయన గోడవైపు చూస్తూ ఉండిపోయారు. ఆ రంగుమందులో అయోడిన్ ఉంటుంది, రిస్కెందుకు, కంటితోనే చూసి కుట్టేస్తానన్నారు డాక్టరుగారు.

సమయానికి గుర్తొచ్చింది, నయం.

ఆగస్టు 7

బాగా జరిగింది. సంచీ లేదు. అప్పనపల్లి మొక్కు తీర్చాలి.

ఆగస్టు 12, సాయంత్రం

జ్వరం. పొట్ట రాయిలా ఉంది. అతుకు లీకైందట.

ఆగస్టు 13

మళ్ళీ కోశారు. సంచీ పెట్టారు. ఒక కొసకి రక్తం సరిగా అందలేదట, కంటికి మాత్రం బాగానే కనబడిందట. రంగుమందు వేసుంటే తెలిసేదా అని అడిగాను. తెలిసేదేమో అన్నారు. నా నోరే కొంప ముంచింది.

నవంబర్ 21

సంచీ తీయించడానికి వచ్చాం. ఈసారి కొత్త డాక్టరమ్మ, భవానిగారు. రొయ్య పడకపోవడానికీ ఆ రంగుమందుకీ సంబంధమే లేదంది. అయినా తింటే ఏమవుతుంది, దద్దుర్లా, ఆయాసమా అని ఈయన్ని అడిగింది. ఈయన నా మొహం చూసి, ఏమీ అవదండి అన్నారు.

కారిడార్లో నిలదీశాను.

"చెరువులో ఏం మందులు కొడతానో నాకు తెల్సు కదా. అందుకే తిననంతే."

మరి ఆ రోజు డాక్టరు ముందు నోరు విప్పలేదేం అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావు. ఎలా చెప్పనే?"

చెరువులు తవ్వినప్పట్నుంచీ ఈయనకి వేరే కూర వండాను. ప్రతి పెళ్లిలోనూ విస్తరి పక్కన నిలబడి, ఆయనకి పడదండీ అని అడ్డుపడ్డాను. పట్టుబడికి చెరువులో రొయ్యలు తీసినప్పుడల్లా మా అమ్మాయి దివ్యకిష్టమని ఇంటికీ కొన్ని పంపేవారు. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఛీ.

నవంబర్ 23

రంగుమందు వేశారు. పచ్చగా వెలిగిందట. సంచీ పోయింది. నాకు సంతోషం రాలేదు.

డిసెంబర్ 29, ఇల్లు

ఇవాళ పట్టుబడి. రొయ్యల ఇగురు వండాను. దివ్యకి పెట్టలేదు. నేను తినలేదు.

ఈయన వద్దనలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాను.