కరక్కాయ సిరా పారబోయకు

దేముడూ,

బెల్లం దింపి ఖాళీగా తిరిగెళ్ళే బండి దొరికింది, మాకవరపాలెం మీ అక్క దగ్గరికి వెళ్తున్నాను. అంబలి ఉట్టి మీద ఉంది. ఊకబూడిదలో ఉప్పు కలిపి డబ్బాలో పోసేను, కొట్లో పళ్ళపొడి కొనకు.

గూట్లో సిరా మాత్రం ముట్టకు. "ఆ నల్లనీళ్ళు పారబొయ్యే అమ్మా, బడిలో మన నర్సిని సూసి నవ్వుతన్నారు, పరిచ్చకి సిరాసీసా కొంతాను" అన్నావు. యుద్ధం వచ్చేక కొట్లో సిరా సగం నీళ్ళే. నేను కరక్కాయలు దంచి, ఇనపమూకుడులో మూడు రోజులు నానబెట్టి కాచేను. మీ తాత కరణంగారికి కాచి ఇచ్చిన సిరా ఇదే. మన చెరుకుపొలం కాగితాలు దాంతో రాసినవే, ఒక్క అక్షరం చెరిగిందేమో చూసుకో.

ఈ చీటీ కూడా ఆ సిరాతోనే రాసేను, నీ కూతురు నర్సి నేర్పిన అక్షరాలతో. తడిసిపోయిందేమిటని విసుక్కోకు. కారే నీళ్ళకుండ కింద నేనే కావాలని పెట్టేను. ఇంతవరకూ చదవగలిగేవంటే, ఇంక సీసా మాట ఎత్తకు.

ఆరేక ఈ కాగితం నర్సి పుస్తకంలో పెట్టు. నవ్వినవాళ్ళకి చూపిస్తుంది.

అమ్మ