లీజెన్ పక్కన చోటు

మార్చి 3

రాతిగని పార్కు గేటు దగ్గర నోటీసు అంటించారు. పార్కు పెంచుతారట. రాతిగని వెనక వాలులో ఉన్న సమాధులన్నీ చింగ్‌మింగ్ లోపు, అంటే జనం తమవాళ్ళ సమాధులు తుడవడానికి వచ్చేలోపు, తీసేసి కొత్త శ్మశానానికి మార్చుకోవాలట.

డాయ్ లీజెన్ అక్కడే ఉంది. రాళ్ళు చెక్కే నా మొగుడు తావ్ షౌచెంగ్‌కి మొదటి పెళ్ళాం.

నోటీసు ఆయనా చదివాడు. నా బండి దగ్గరికి వచ్చి, టీ ఆకుల్లో ఉడికిన గుడ్డు ఒకటి తీసుకుని, పెంకు వొలిచి, తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చల్లారిపోతుంది తినవయ్యా అన్నాను. తిన్నాడు. ఏం తిన్నాడో ఆయనకి తెలియదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేను ఆయన్ని కట్టుకునీ తక్కువ కాలమేం కాలేదు. అయినా ఆ పేరంటే నాకు పడదు. ఎవరికి చెప్పుకోను? పక్కన చెస్ట్‌నట్లు వేయించి అమ్మే రువాన్ అక్కకి చెబితే సాయంత్రానికల్లా టికెట్లు చింపేవాడిదాకా వెళ్తుంది. అందుకే ఇందులో రాస్తున్నాను.

మార్చి 6

పాత బోర్డులు పీకేసి కొత్తవి పెడతారట. గేటు ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు మీద ఫోటో లీజెన్‌ది. ఆవిడ ఇక్కడ గైడ్‌గా పనిచేసింది. చక్రవర్తి వదిలేసిన ఆ మహా శిల ముందు నిలబడి నవ్వుతూ ఉంటుంది. ఎండకి బోర్డంతా వెలిసిపోయింది, ఆ నవ్వు మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ గుడ్లు అమ్ముతూ తల ఎత్తితే నాకు ఎదురుగా అదే.

కొడుకు చక్రవర్తి, చచ్చిపోయిన తండ్రి పేరు చెక్కించడానికి కొండని తొలిచి అంత రాయి చేయించాడు. పీఠం వేరు, ఒళ్ళు వేరు, తల వేరు. తీరా చూస్తే కదిలించే దారి లేదు. ఎక్కడిదక్కడ వదిలేశారు. ఈ మాత్రం నేనూ చెప్పగలను. లీజెన్ చివర్లో ఇంకో మాట చేర్చేదట, "ప్రేమ మరీ ఎక్కువైతే మోసేవాళ్ళు దొరకరండీ" అని. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళట. పాత స్టాఫ్ ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రాయి కొడుతూ చచ్చినవాళ్ళని పూడ్చిన దిబ్బల మీద వెలిసింది కాబట్టే మా ఊరి పేరులో దిబ్బ ఉందంటారు. వాళ్ళనెవరినైనా అడిగిందా ఆవిడ, ప్రేమ సంగతి?

మార్చి 9

ఆవిడకి కొత్త సమాధిరాయి తెచ్చాడు. మా షెడ్డు తలుపు ఒక రెక్క ఊడదీస్తే గాని లోపలికి పోలేదు.

మార్చి 12

రువాన్ అక్క నా బండి మీద మోచేతులు ఆనించి, "ఏమే వెన్, మీ ఆయన కొత్త శ్మశానంలో జంట సమాధి రాయించుకున్నాడటగా? ఆయనకీ, ఆవిడకీ. మరి నిన్నెక్కడ పెడతారే, ఈ గుడ్ల గిన్నెలోనా?" అంది. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా పొడుస్తుంది.

బండి ఆవిడకే అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను. షెడ్డులో రాయి పడుకోబెట్టి ఉంది. నిజమే. బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. ఒక వరసలో డాయ్ లీజెన్. పక్క వరసలో తావ్ షౌచెంగ్. ఆయన పేరుకి ఎర్ర రంగు వేస్తారు, బతికున్నాడు గనక. పోయాక నల్ల రంగు దిద్దుతారు. ఎర్రగా ఉన్నన్నాళ్ళూ ఆ పేరు పక్క పేరుతో "కాస్త ఆగు, వస్తున్నా" అంటున్నట్టే.

వండి పెట్టింది నేను. నడుం పట్టేస్తే నూనె రాసింది నేను. రాతి దుమ్ముకి దగ్గొస్తే పియర్ పండ్లు చక్కెరలో ఉడికించి తాగించింది నేను. చివరికి వెళ్ళి పడుకునేది ఆవిడ పక్కన.

బొగ్గు గీతలు చేత్తో తుడిచేశాను. తర్వాత భయమేసి మళ్ళీ గీద్దామనుకున్నాను. నాకా చేతకాదు.

మార్చి 13

పొద్దున షెడ్డులోకి వెళ్ళి, చూసి, మళ్ళీ గీసుకున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఉండబట్టలేక పనిచేసే చోటికే వెళ్ళాను. పెద్ద రాయి కింద కమ్మీల రెయిలింగుకి కొత్త రాతి దిమ్మలు పెడుతున్నాడు. తలెత్తి చూస్తే ఆ రాయి మీద పడుతున్నట్టే ఉంటుంది. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. "నన్నెక్కడ పెడతావయ్యా?" అన్నాను.

ఆయన ఉలి ఆపలేదు. "నీకు నీ చోటుంది కదా" అన్నాడు.

ఏం చోటు? నా మొదటి మొగుడు హాంగ్ గెన్‌ఫా పడవ మీంచి నదిలో పడి పోయాక, హెషియాన్ ఊరొదిలి వచ్చినప్పుడు నా చేతిలో ఒక సంచీ. అంతే. ఏం చోటని అడిగేలోపు స్కూలు పిల్లలు గుంపుగా వచ్చి పడ్డారు. టీచరమ్మ మైకులో చక్రవర్తి కథ మొదలుపెట్టింది.

వచ్చేశాను.

మార్చి 14

ఆయనకి టీ పోయలేదు. అన్నం మాత్రం పెట్టాను.

మార్చి 16

శ్మశానం ఆఫీసు కుర్రాడు టేపు పట్టుకుని వచ్చి రాయి కొలిచాడు. ఎత్తు ఎక్కువైందట, రూలు ఒప్పుకోదట, కోయాలట. ఆయన ముఖం చూడాలి! రువాన్ అక్క గుమ్మంలో నిలబడి, "మీ ఆయన కూడా చక్రవర్తేనే వెన్, ఎత్తలేనంత చెక్కాడు" అంది.

ఆ కుర్రాడికి వెళ్ళేటప్పుడు వేడివేడి గుడ్లు పొట్లం కట్టి ఇచ్చాను. ఎందుకిస్తున్నానో వాడికి అర్థం కాలేదు.

మార్చి 18

గేటు దగ్గర లీజెన్ బోర్డు పీకేశారు. పొద్దుటి నుంచీ హాయిగా ఉన్నాను. మధ్యాహ్నం చూస్తే అది మా మూడుచక్రాల బండి మీద తాళ్ళతో కట్టి ఉంది. ఆయనే ఇంటికి తోలుకొస్తున్నాడు.

షెడ్డులో గోడకి తిప్పి పెట్టాడు. నాకోసమే తిప్పాడని తెలుసు. తిప్పినందుకు ఇంకా కోపం వచ్చింది.

మార్చి 21

ఇవాళ లీజెన్‌ని తీశారు. సూచౌ నుంచి వాళ్ళ కూతురు మిన్ వచ్చింది. అస్థికల కుండ మీద ఎండ పడకూడదు, నల్ల గొడుగు పట్టాలి. మిన్ కుండ మోసింది. ఆయన ముందు నడుస్తూ టపాకాయలు కాల్చాడు. గొడుగు పట్టడానికి ఎవరూ లేరు. ఇద్దరూ నా వైపు చూశారు.

పట్టాను. వాలు దిగి, రాతిగని పక్కగా, ఆవిడ రోజూ నిలబడి కథ చెప్పిన చోటు మీదుగానే నడిచాం. గాలికి గొడుగు లాగేస్తోంది. రెండు చేతులా పట్టుకున్నాను. ఒక క్షణం వదిలేద్దామా అనిపించింది. వదల్లేదు. నా భుజం మాత్రం ఎండలో మాడిపోయింది. సమాధి కుదిరేదాకా కుండ శ్మశానం హాల్లో అరలో ఉంటుంది.

ముసలి స్వీపరు ఎదురొచ్చి, "లీజెన్ పోతోందా" అని టోపీ తీశాడు. నేను పోయినప్పుడు తీస్తాడా?

మార్చి 22

మిన్ నాకు సాయం చేద్దామనే అంది. అది రాసుకోవాలి, లేకపోతే అన్యాయం. టిఫిన్ దగ్గర, "పిన్నీ, నాన్న అమ్మ పక్కన ఉంటే నీకేం పోయింది చెప్పు. నీకూ ముందొకాయన ఉన్నాడుగా" అంది.

గిన్నె బల్ల మీద కొట్టాను. "ఉన్నాడమ్మా. మట్టి దిబ్బ కింద ఉన్నాడు. నన్ను రమ్మని ఎవరూ అక్కడ చాప పరచలేదు" అన్నాను.

అప్పుడు ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. "పరిచారు" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"చాలా ఏళ్ళ కిందట హెషియాన్‌లో ఒకాయన గేటుకి రాతి సింహాలు చెక్కడానికి వెళ్ళానే, అప్పుడు వాడి సమాధి చూశాను. మట్టి దిబ్బ కాదు, రాయి పెట్టారు. హాంగ్ గెన్‌ఫా అని నల్లగా ఉంది. పక్కన డింగ్ వెన్ అని ఎర్రగా. నిన్న వేసినట్టుంది రంగు. ఎవరో ఏటేటా దిద్దుతున్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నాను. తెలిసే నాకు చెప్పలేదనుకున్నాను." గిన్నె పక్కకి జరిపి అన్నాడు, "రెండో సింహానికి కళ్ళు పెట్టకుండానే వచ్చేశాను. నువ్వు చివరికి వాడి దగ్గరికే పోతావని తేలిపోయింది. నేనొక్కణ్ణీ ఎక్కడ పడుండను? అందుకే లీజెన్ పక్కన రాయించుకున్నాను. వాడి రాయి మీద అక్షరాలు మాత్రం దరిద్రంగా చెక్కారు."

మిన్ తన గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

ఇన్నేళ్ళూ నా పక్కన పడుకుని ఆయన కూడా కుళ్ళుకుంటున్నాడు! మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళి నవ్వాను. ఆపుకోలేకపోయాను. తర్వాత ఏడుపొచ్చింది.

వెళ్ళేటప్పుడు మిన్ ఆ బోర్డు తీసుకెళ్తానంది. నేనే ఎత్తి బండెక్కించాను.

మార్చి 25

బస్సులో నది దాటి హెషియాన్ వెళ్ళాను. ఒక్కదాన్నే.

ఉంది. నా పేరు. ఎర్రగా. ఎంత సేపు చూశానో. సిగ్గు లేకుండా రాస్తున్నాను, మొదట సంతోషం వేసింది. ఎవరో నన్ను రాతి మీద రాసుకున్నారు.

రంగు వేస్తున్నది మా పాత అత్తగారు. ముసలిదైపోయింది, రంగు అక్షరాలు దాటి కారింది. నన్ను చూసి, "వచ్చావా కోడలా" అంది, నిన్న సంతకి వెళ్ళి ఇవాళ వచ్చినట్టు. చేపముక్కలన్నీ నా గిన్నెలోకే తోసింది. తిన్నాక, నా పేరు తీయించేస్తానని చెప్పాను.

"అక్కడ నీకు చోటిస్తామన్నారా?"

గిన్నెలు ఎత్తబోయాను.

"ఇవ్వనిదానికి ఉన్నది పోగొట్టుకుంటావా పిచ్చిదానా?" అంది. కోపంగా కాదు. నా జుట్టు సర్దుతూ అంది.

మార్చి 26

ఆయనకి చెప్పాను, ముసలావిడ అడిగినది కూడా. విని లేచి చొక్కా వేసుకుని శ్మశానం ఆఫీసుకి వెళ్ళాడు. గంటలో తిరిగొచ్చాడు. కుండలు చిన్నవే కదా, మూడోది కూడా పడుతుంది, మధ్యలో మగవాడు, ఎడమ మొదటి భార్య, కుడి రెండో భార్య, చాలామంది అలాగే పెడుతున్నారు అన్నారట.

అడగ్గానే ఇచ్చేశారు! అంత తేలికైతే ముందే ఎందుకు అడగలేదని మళ్ళీ పోట్లాడాను.

సాయంత్రం మిన్ ఫోన్. అమ్మకి ఇష్టమవుతుందో లేదో అంటూ నసిగింది. మీ అమ్మనే అడుగుతానన్నాను.

మార్చి 27

శ్మశానం హాల్లో ఆవిడ కుండ ఉన్న అర ఎదురుగా నిలబడి అడిగాను. కాదనలేదు. నేనూ ఎక్కువ సేపు ఆగలేదు.

మార్చి 28

రాయి ఎత్తు కోసి, పేర్లు చెక్కిన ముఖం మొత్తం అరగదీసి, మూడు పేర్లతో మళ్ళీ మొదలుపెట్టాడు. అంటే ఆవిడ పేరు రెండోసారి చెక్కుతున్నాడు.

మార్చి 30

ఇద్దరం హెషియాన్ వెళ్ళాం. గెన్‌ఫా తమ్ముడు సిగరెట్ ఇచ్చాడు, ఆయన తీసుకున్నాడు. ముసలావిడ స్టూలు వేయించుకుని రాయి పక్కనే కూర్చుంది. ఆపలేదు. ఆయన నా పేరు మీద ఉలి పెట్టేముందు మాత్రం, "నాయనా, వెన్‌ని తీసుకెళ్ళు. మావాడు ఒంటరిగా మిగిలిపోతాడు, అది నీకు తెలిస్తే చాలు" అంది.

ఆయన తల వంచుకుని పని చేశాడు. నా పేరు ఎర్ర పొడిగా ఆయన చెప్పుల మీద రాలింది. నేను పక్కకి తిరగలేదు.

పని అయిపోయింది కదా అని లేచాను. ఆయన లేవలేదు. అడ్డదిడ్డంగా ఉన్న గెన్‌ఫా అక్షరాలు ఒక్కొక్కటే లోతు చేసి, అంచులు సరిచేసి, దుమ్ము ఊది, తడిగుడ్డతో తుడిచాడు. ఎవరూ అడగలేదు. ముసలావిడ ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

బస్సులో నేను గెన్‌ఫా గురించే ఆలోచిస్తున్నాను. ఆయన కనిపెట్టాడు. ఏం ఆలోచిస్తున్నావన్నాడు. ఏం లేదన్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఏప్రిల్ 3

వాలు ఖాళీ అయింది. జేసీబీలు దిగాయి. కొత్త బోర్డు పెట్టారు. దాని మీద మనిషెవరూ లేరు, రాయొక్కటే. గుడ్లు బాగా అమ్ముడుపోయాయి.

ఏప్రిల్ 5, చింగ్‌మింగ్

రాయి నిలబెట్టారు. రంగు వేశాడు.

ఆవిడ పేరు అక్షరాల్లో గీతలు చాలా ఎక్కువ. నా పేరు ఎవరైనా రెండు విసుర్లలో రాసేయొచ్చు. ఆవిడది పూర్తయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నాది మొదలుపెట్టినప్పుడు ఆయనకి టీ పోశాను. నా పేరు అయిపోయాక తాగాడు. టీ ఇంకా చల్లారనే లేదు, నోరు కాలిందన్నాడు.