చింతపండుతో తోమిన బిట్టు

చిరంజీవి జయతీర్థకు, మన గురుస్వామి రాయరు నిన్ను చల్లగా చూడాలని మొక్కుతూ ఎమ్మిగనూరు నుంచి అక్క.

నువ్వు బెంగుళూరుకు పంపమన్న, వైర్లను సీసం కరిగించి అతికే ఆ సోల్డరింగ్ స్టేషన్ విషయంలో నావల్ల తప్పు జరిగింది. దాని కొసనుండే బిట్టు నల్లబడిందని ఊడదీసి, గురువారం పూజసామాన్లతోపాటు చింతపండు, ఇటుకపొడి వేసి తోమాను. ఆదోనిలో మెకానిక్ మహబూబ్‌కు చూపిస్తే తల పట్టుకున్నాడు.

"ఇదేమన్నా దీపాల కుందీనా అక్కా, ఇట్ల తోమేకి? పైపూతంతా పోయింది. ఇంగ సోల్డర్ అంటుకోదు."

కొత్త బిట్టు వేయించాను. వేడిమీదే తడి స్పాంజికి తుడవాలట, ఆపేముందు కొసకు సోల్డర్ పూసి ఉంచాలట. అతను చూపినట్టే చేసి పెట్టాను.

పార్సిల్ కట్టాను కానీ బస్సుకు వేయలేదు. నీ సామాన్లలో ఇంట్లో మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా పంపేస్తే ఇక్కడికి రావడానికి నీకు పనేముంటుంది? నువ్వే వచ్చి తీసుకుపో నాయనా.

మీ అక్క